‘ఫ్లై చేయొచ్చా?’ అని అడిగింది ఎవరు? ఒక విమానయాన బాట్ కేస్ స్టడీ

జనం సందేహాలకు జవాబిచ్చే చాట్ బాట్‌లు తయారుచేయడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక పౌర విమానయాన నియంత్రణ సంస్థ కోసం చేసిన పని గురించి. ఏ దేశమో, ఏ సంస్థో చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు చోట్ల సందర్భం కూడా కాస్త మార్చాను. టెక్నాలజీ పరంగా ఇందులో పెద్ద విశేషమేమీ లేదు. ఒక చిన్న క్రియాపదం దగ్గర మా టీమ్ మొత్తం నెలల తరబడి తడబడింది. ఆ తడబాటు మరో టీమ్‌కి పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

నియంత్రణ సంస్థ అంటే పైలట్ లైసెన్సులు, విమానాల భద్రత, డ్రోన్ల రిజిస్ట్రేషన్ లాంటివి చూసే ఆఫీసు. జనానికి మాత్రం విమానం అన్న మాట ఉన్న ప్రతి ప్రశ్నకూ అదే చిరునామా. సూట్‌కేస్ పోయినా అక్కడికే, పవర్ బ్యాంక్ గురించి అనుమానమొచ్చినా అక్కడికే, అర్ధరాత్రి ఇంటి మీదుగా విమానం పోయి పసిపాప లేచినా అక్కడికే. హెల్ప్‌లైన్‌లో ఉన్నది కొద్దిమంది. చెప్పిందే చెప్పి వాళ్లకు గొంతు పోయేది. లైసెన్సు పేపర్లు ఎక్కడో ఆగిపోయి నిజంగా ఇబ్బందిలో ఉన్న పైలట్ ఫోన్ మాత్రం క్యూలోనే ఉండేది.

అందుకే బాట్ కావాలన్నారు, ఆ కోరిక సబబైనదే. సంస్థ ప్రచురించిన పేజీలు, కరపత్రాలు, తరచూ వచ్చే ప్రశ్నలు అన్నీ ఒకచోట చేర్చాం. ప్రశ్న రాగానే దానికి దగ్గరగా ఉన్న పేరాలు వెతకాలి, వాటి ఆధారంగా మాత్రమే జవాబు రాయాలి, దొరక్కపోతే దొరకలేదని చెప్పాలి. ఇదీ ఏర్పాటు. పరీక్షల్లో బాట్ చక్కగా పాసైంది. ఆ పరీక్ష ప్రశ్నలు రాసింది కూడా మేమేనన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. మా ప్రశ్నల్లో అడిగే మనిషి ఎవరో ముందే తెలిసిపోయేది: ‘ప్రయాణికుడిగా నేను...’, ‘ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉన్న నేను...’ బయట ఏ మనిషీ అలా అడగడు.

సమస్య ఎలా బయటపడింది

మొదలుపెట్టిన కొన్ని వారాలకు సంస్థ వైద్య విభాగంలోని డాక్టర్ గారి నుంచి ఒక చాట్ కాపీ వచ్చింది. పైన ఒకే ఒక్క లైను: ‘ఇది ఎవరు రాశారండీ?’

అందులో ప్రశ్న ఇది: ‘అలర్జీకి రాత్రి మాత్ర వేసుకున్నాను. రేపు పొద్దున ఫ్లై చేయొచ్చా?’

బాట్ జవాబు: ‘చేయొచ్చు. క్యాబిన్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు తాగుతూ ఉండండి. కిందికి దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే గుటక వేయండి, ఆవలించండి. మీ మందులు చేతి సంచిలోనే ఉంచుకోండి.’

ప్రయాణికుడికైతే ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ అడిగింది శిక్షణలో ఉన్న పైలట్. మర్నాడు పొద్దున పక్కన శిక్షకుడు లేకుండా ఒంటరిగా విమానం నడపాలి. ‘నీళ్లు తాగండి’ అన్నది చూసి ఏదో తేడాగా ఉందనిపించి శిక్షకుడికి ఫోన్ చేశాడు, ఆయన ఆపేశారు. విషయం డాక్టర్ గారి దాకా అలా వచ్చింది.

నిద్రమత్తు తెచ్చే అలర్జీ మందులు పైలట్ల విషయంలో చిన్న సంగతి కాదు. ప్రమాదాల్లో చనిపోయిన పైలట్లకు చేసిన పరీక్షల ఫలితాల మీద అమెరికా రవాణా భద్రతా బోర్డు 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. మనిషి చురుకుదనాన్ని దెబ్బతీయగల మందుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడింది డైఫెన్‌హైడ్రమిన్. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే మామూలు అలర్జీ మందు అది. అది వేసుకుంటే 60 గంటలు విమానం నడపొద్దని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చెబుతుంది. మత్తు దిగిపోయిందని మనకు అనిపించినా మందు ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

మీటింగ్‌లో అందరూ మొదట అన్నమాట ‘బాట్ కల్పించి చెప్పింది’ అని. నేనూ అదే అనుకున్నాను. తీరా ఒక్కో వాక్యం తీసి చూస్తే ప్రతిదానికీ ఆధారం ఉంది, ‘ప్రయాణంలో ఆరోగ్యం’ అన్న కరపత్రం నుంచి అచ్చంగా తీసుకుంది. కల్పించి ఉంటే పట్టుకోవడం సులువయ్యేది. ఇక్కడ ప్రతి మాటా నిజమే, చేరిన మనిషి మాత్రం వేరు. ఇంకో సంగతి చూసి మరీ బాధేసింది. మా రిపోర్టులో ఆ చాట్ ‘విజయవంతం’ కింద నమోదైంది. మనిషి జోక్యం లేకుండా ముగిసింది, చివర్లో ఆ అబ్బాయి ‘థాంక్స్’ అని కూడా పెట్టాడు మరి.

అప్పటి నుంచి రోజూ కొన్ని చాట్‌లు కూర్చుని చదవడం మొదలుపెట్టాం. ఒకటి ఇప్పటికీ గుర్తుంది. ‘వచ్చే వారం డ్రోన్‌తో ఫ్లై చేస్తున్నాను, ఏం చూసుకోవాలి?’ అని ఒకరు అడిగారు. డ్రోన్ 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ కావాలనీ, 120 మీటర్ల ఎత్తు దాటొద్దనీ బాట్ చెప్పుకుపోయింది. ఆయన సెలవులకు వెళ్తున్నారు, డ్రోన్ పెట్టెలో ఉంది. ‘బ్యాటరీలు చేతి సంచిలో పెట్టాలా, చెక్-ఇన్‌లో వేయాలా, అది చెప్పు చాలు’ అన్నారు. బాట్ ఓపిగ్గా మళ్లీ 120 మీటర్ల దగ్గర నుంచి మొదలుపెట్టింది.

చేసి చూసినవి, బెడిసికొట్టినవి

మొదటి మందు లీగల్ విభాగం రాసిచ్చింది: ప్రతి జవాబు కింద ‘ఇది సమాచారం మాత్రమే, సలహా కాదు’ అన్న లైను. తాత్కాలికంగా ఒప్పుకున్నాను గానీ నాకు నమ్మకం లేదు. ప్రతి జవాబు కిందా ఒకే వాక్యం ఉంటే రెండో రోజుకే అది కంటికి ఆనడం మానేస్తుంది. పైగా చట్టం దగ్గర కూడా అది పెద్ద గొడుగేం కాదు. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రిబ్యునల్ ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. దగ్గరివాళ్లు చనిపోయినప్పుడు ఇచ్చే టికెట్ రాయితీని ప్రయాణం అయ్యాక కూడా అడగొచ్చని ఒక ఎయిర్‌లైన్ బాట్ చెప్పింది. అదే వెబ్‌సైట్‌లో ఇంకో పేజీలో అందుకు భిన్నంగా ఉంది. బాట్ మాటలకు తమ బాధ్యత లేదని కంపెనీ వాదించింది, కుదరలేదు. సైట్‌లో ఒకచోట చెప్పింది ఇంకోచోటికి వెళ్లి సరిచూసుకోవాల్సిన అవసరం కస్టమర్‌కు ఎందుకుంటుందని ట్రిబ్యునల్ అడిగింది. ఆ తీర్పు మీటింగ్‌లో చదివాక హెచ్చరిక లైను మీద చర్చ ఆగిపోయింది.

రెండోది ఇంజనీర్ల ఆలోచన. బాట్ దగ్గర పైలట్ల సమాచారం తక్కువగా ఉంది కాబట్టి లైసెన్సు నియమావళి, వైద్య ప్రమాణాల పుస్తకాలు మొత్తం చేర్చేద్దాం అన్నారు. వినడానికి బాగానే ఉంది, చేర్చాం. వారం తిరక్కుండా ఇంకో చాట్ వచ్చింది. ‘మా అమ్మకు షుగర్, ఇన్సులిన్ తీసుకుంటుంది. ఫ్లై చేయొచ్చా?’ అని ఒకావిడ అడిగితే, ఇన్సులిన్ వాడేవారు క్లాస్ 1 వైద్య ధ్రువపత్రం విషయంలో విమానయాన వైద్య పరీక్షకుడిని సంప్రదించాలని బాట్ చెప్పింది. క్లాస్ 1 అంటే ఎయిర్‌లైన్ పైలట్లకు కావాల్సింది. డాక్టర్ గారు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఆ అమ్మగారు టికెట్ రద్దు చేసుకున్నారేమోనన్న టెన్షన్ పట్టుకుంది. ఆమెకు కావాల్సిన జవాబు రెండు ముక్కలు: ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉంచండి, సామాన్ల అరలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి. ఇలా ఎందుకైందంటే, వైద్య ప్రమాణాల పుస్తకంలో ఇన్సులిన్ అన్న మాట పదేపదే వస్తుంది, కరపత్రంలో ఒక్కసారి. వెతుకులాటలో ఎప్పుడూ పుస్తకమే గెలుస్తోంది. ఇంతకుముందు పైలట్‌కి ప్రయాణికుడి జవాబు వెళ్లేది. ఇప్పుడు అమ్మమ్మలకు పైలట్ల జవాబు వెళ్తోంది.

మూడో తప్పు అచ్చంగా నాదే. చాట్ తెరవగానే ‘మీరు ఎవరు?’ అని నాలుగు బటన్లు పెట్టించాను: ప్రయాణికులు, పైలట్, డ్రోన్ వాడేవారు, ఇతరులు. శిక్షణలో ఉన్నవాళ్లు లైసెన్సు ఇంకా రాలేదు కదా అని ‘ఇతరులు’ నొక్కారు. సెలవులకు డ్రోన్ తీసుకెళ్లేవాళ్లు నిజాయితీగా ‘డ్రోన్ వాడేవారు’ నొక్కారు. సొంత ఖర్చుతో ఊరెళ్తున్న పైలట్ ‘పైలట్’ నొక్కాడు, పవర్ బ్యాంక్ గురించి అడిగితే బాట్ కాక్‌పిట్ నియమాలు వెతికింది. చాలామంది అసలు ఆ బటన్లు చూసే కిటికీ మూసేసి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశారు. ఉద్యోగమేదో అడిగి పని ఊహించుకోవాలని చూశాను. ఒకే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి అవుతాడని నాకు అప్పుడు తోచలేదు.

దారి దొరికిన చోటు

ఒకరోజు రాత్రి అక్కతో ఫోన్‌లో మాట్లాడుతూ ఈ గోలంతా చెబుతున్నాను. చాట్‌లన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, అక్కకు తెలుగులో చెప్పాలి. ‘ఒకబ్బాయి అలర్జీ మాత్ర వేసుకుని, రేపు విమానం...’ అని ఆగాను. తరవాతి మాట రాలేదు.

‘విమానం ఏంటి? ఎక్కొచ్చా అన్నాడా, నడపొచ్చా అన్నాడా?’ అంది అక్క.

‘అదేనక్కా, చెప్పలేదు.’

‘చెప్పకుండా ఎలా అడుగుతాడు?’

ఇంగ్లిష్‌లో అడగొచ్చు. ఫ్లై అంటే చాలు, ఎక్కినా ఫ్లయ్యే, నడిపినా ఫ్లయ్యే, డ్రోన్ ఎగరేసినా ఫ్లయ్యే. తెలుగులో ఏదో ఒక క్రియ ఎంచుకోకుండా వాక్యం పూర్తవదు. మర్నాడు వైట్‌బోర్డు మీద నాలుగు గుంపులు రాశాను: ఎక్కేవాళ్లు, నడిపేవాళ్లు, ఎగరేసేవాళ్లు, కింద ఉండి చప్పుడు వినేవాళ్లు. టీమ్‌లో తెలుగు రానివాళ్లకు ఒక్కో మాటా విడమర్చి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి మా మీటింగుల్లో వాళ్లు కూడా ‘ఇది ఎక్కడం కేసు’, ‘ఇది నడపడం కేసు’ అనేవాళ్లు. వాళ్ల ఉచ్చారణ గురించి ఇక్కడ రాయను.

బటన్లకూ దీనికీ తేడా ఏమిటంటే, గుర్తు మనిషి మీద కాకుండా సమాచారం మీద వేశాం. మా దగ్గరున్న ప్రతి పేరాకూ అది ఏ పని గురించో రాసిపెట్టాం. కొన్నిటికి రెండు గుర్తులు పడ్డాయి. ప్రశ్న రాగానే దొరికిన పేరాలన్నీ ఒకే పని గురించి అయితే బాట్ ఎదురు ప్రశ్న వేయదు, జవాబు మొదటి లైనులోనే తన ఊహ చెప్పేస్తుంది: ‘మీరు ప్రయాణికులుగా వెళ్తున్నారనుకుని చెబుతున్నాను.’ వేర్వేరు పనుల పేరాలు దొరికి, వాటి జవాబులు కూడా వేరైతే అప్పుడే ఆగి అడుగుతుంది: ‘ఆ విమానంలో మీరు సీట్లో కూర్చుంటారా, మీరే నడుపుతారా?’

ఎప్పుడు అడగాలన్నది చాలా చర్చించాం. ప్రతిసారీ అడిగితే జనం విసుక్కుంటారు, బటన్ల అనుభవం ఉంది. అడక్కపోతే అలర్జీ మాత్ర కథ ఉంది. చివరికి పెట్టుకున్న కొలత ఒకటే. తప్పు మనిషికి ఈ జవాబు చేరితే ఏమవుతుంది? ఏమీ కాకపోతే ఊహించుకుని చెప్పేయొచ్చు. ఒంటికో, ప్రాణానికో ముప్పుంటే అడిగి తీరాలి. సూట్‌కేస్ ఆలస్యం గురించి అడిగింది పైలట్ అయినా ప్రయాణికుడైనా మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో గడువు ఒకటే. సామాను పాడైతే చేతికొచ్చిన 7 రోజుల్లోగా, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఎయిర్‌లైన్‌కు ఫిర్యాదు ఇవ్వాలి. అక్కడ ‘మీరు నడుపుతారా’ అని అడగడం వెర్రితనం.

పవర్ బ్యాంక్ లెక్క

చాట్‌లు చదువుతుంటే ఇంకో రకం తప్పు తగిలింది. దీనికి క్రియతో సంబంధం లేదు. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) లోపు అయితే సాధారణంగా అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, గరిష్ఠంగా రెండు. 160 దాటితే వీల్లేదు. ఇదంతా బాట్‌కు నోటికి వచ్చు. కానీ జనం చేతిలో ఉన్న డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఎంఏహెచ్, అంటే మిల్లీయాంపియర్-అవర్లు. దాన్ని వాట్-అవర్లుగా మార్చాలంటే వోల్టేజీ తెలియాలి.

ఒకరు 26,800 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ గురించి అడిగారు. బాట్ దాన్ని 5 వోల్టులతో గుణించి, వెయ్యితో భాగించి 134 వాట్-అవర్లు, అనుమతి తీసుకోండి అంది. 5 వోల్టులు అన్నది యూఎస్‌బీ నుంచి బయటికొచ్చే వోల్టేజీ. ఎంఏహెచ్ అంకె మాత్రం లోపలి సెల్స్‌ది, వాటి వోల్టేజీ మామూలుగా 3.7. అలా లెక్కిస్తే 99.16 వస్తుంది, హద్దుకు లోపలే. తయారీదారులు 26,800 అనే వింత అంకె ఎంచుకోవడానికి కారణమే ఆ హద్దు. ఇంకో చాట్‌లో బాట్ వోల్టేజీ ఊసే ఎత్తకుండా ఏదో అంకె చెప్పింది. లెక్కలు బాట్ వెనకున్న భాషా నమూనాతో చేయించకూడదని తీర్మానించి చిన్న కాలిక్యులేటర్ రాయించాం. బాట్ ముందు డబ్బా మీద వాట్-అవర్లు రాసి ఉన్నాయేమో చూడమంటుంది. లేకపోతేనే ఎంఏహెచ్ అడిగి లెక్కగడుతుంది, ఎలా గట్టిందో కూడా చూపిస్తుంది.

లెక్క సరైనా నియమాలు ఒకచోట నిలబడవు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయల్దేరబోతున్న ఒక విమానం మంటల్లో చిక్కుకుంది, పవర్ బ్యాంక్ మీద అనుమానం పడింది. మార్చి 1 నుంచి అక్కడి విమానాల్లో వాటిని తల మీది అరల్లో పెట్టకూడదన్న నియమం వచ్చింది. అప్పటి నుంచి మా ప్రతి పేరాకూ చివరిసారి సరిచూసిన తేదీ ఉంటుంది. గడువు దాటిన పేరా ఆధారంగా బాట్ జవాబు చెప్పదు. ఆ పేరాను చూసుకునే ఉద్యోగికి మెయిల్ వెళ్తుంది. ఇది చెప్పడానికి సులువు. ఎవరి పేరా ఎవరిదో తేల్చుకోవడానికి మూడు విభాగాల మధ్య జరిగిన రాయబారాలు ఇంకో వ్యాసం అవుతాయి.

కంటి ఆపరేషన్

క్రియలు విడదీశాక పని అయిపోయిందనుకున్నాం. కొత్త వెర్షన్ విడుదలకు ముందు డాక్టర్ గారు కూర్చుని తనకు తోచిన ప్రశ్నలన్నీ వేశారు. ‘పోయిన వారం కంటి ఆపరేషన్ అయింది. సీట్లో కూర్చుని ప్రయాణమే. వెళ్లొచ్చా?’ క్రియ స్పష్టం, అస్పష్టత లేదు. కొన్ని రోజులు గడిచాక సాధారణంగా వెళ్లొచ్చని బాట్ చెప్పింది, శుక్లాల ఆపరేషన్ గురించిన పేరా ఆధారంగా.

డాక్టర్ గారు పెన్ను కింద పెట్టేశారు. రెటీనా ఆపరేషన్లలో కొన్నిసార్లు కంట్లో గ్యాస్ నింపుతారు. అది కరగడానికి వారాలు పడుతుంది. విమానం ఎంత ఎత్తులో ఎగిరినా క్యాబిన్‌లో గాలి పీడనం నేల మీద ఉన్నంత ఉండదు, దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు కూడా పడిపోవచ్చు. అంటే సముద్రమట్టం దగ్గరున్న పీడనంలో దాదాపు నాలుగింట మూడు వంతులు. ఆ తేడాకు కంట్లో గ్యాస్ వ్యాకోచిస్తుంది, పోవడానికి దారుండదు, కంటిలో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. సీట్లో కూర్చున్నా, కాక్‌పిట్‌లో కూర్చున్నా ఒకటే.

ఆ రోజు తర్వాత ఆరోగ్యం ప్రశ్నలకు బాట్ ‘వెళ్లొచ్చు’ అన్న మాట వాడకూడదని నిర్ణయించాం. ఇంజనీర్లలో ఒకరు గట్టిగా అడ్డం చెప్పారు: జలుబు గురించి అడిగినా డాక్టర్ దగ్గరికి పంపితే ఇక బాట్ ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. మేం మధ్యేమార్గం పట్టాం. బాట్ తీర్పు చెప్పదు గానీ, తమ డాక్టర్‌ని ఏం అడగాలో చేతికిస్తుంది. కంటి ఆపరేషన్ అయితే ‘కంట్లో గ్యాస్ ఏమైనా నింపారా, ఎప్పటికి కరుగుతుంది?’ అన్నది మొదటి ప్రశ్న. నడిపేవాళ్లయితే చాట్ నేరుగా వైద్య విభాగానికి వెళ్తుంది. అప్పటిదాకా జరిగిన సంభాషణ కూడా వెంట వెళ్తుంది, చెప్పిందే మళ్లీ చెప్పించుకోరు.

ఇప్పుడు వేరుగా చేస్తున్నవి

పరీక్ష ప్రశ్నలు మేం రాయడం మానేశాం. హెల్ప్‌లైన్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒకావిడ, జనం అడిగిన మాటలు అడిగినట్టే, అక్షర దోషాలతో సహా రాసిస్తారు. ఆవిడ మొదటి రోజు ఇచ్చిన కాగితం చూస్తే, సగం ప్రశ్నల్లో కర్త లేడు, కొన్నిట్లో క్రియ కూడా లేదు. ‘డయాబెటిస్ ఫ్లయింగ్?’ అంతే. ఇలాంటి వాటి మీద పాసైతేనే కొత్త వెర్షన్ బయటికి వెళ్తుంది.

‘మనిషి జోక్యం లేకుండా ముగిసిన చాట్‌లు’ అన్న కొలత రిపోర్టు మొదటి పేజీ నుంచి పోయింది. దాన్ని తీయించడానికి అలర్జీ మాత్ర చాట్ ఒక్కటి చూపిస్తే సరిపోయింది.

సరిగ్గా కుదరనివి ఇంకా ఉన్నాయి. చప్పుడు మీద ఫిర్యాదు చేసేవాళ్లకు బాట్ నియమాలు వివరిస్తే కోపం పెరుగుతుందే తప్ప తగ్గదు. అక్కడ బాట్ ఫిర్యాదు రాసుకుని తప్పుకోవడమే మేలని నా అభిప్రాయం, సంస్థ ఇంకా ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు పిల్లల తరఫున అడిగినప్పుడు ‘మీరు నడుపుతారా?’ అన్న ప్రశ్న ఇప్పటికీ గురి తప్పుతోంది. ‘ప్రయాణం చేసేవాళ్లు’ అని మార్చి చూస్తున్నాం.

నేను ఆ ప్రాజెక్టు వదిలే ముందు చూసిన ఆఖరి చాట్‌లలో ఒకటి జలుబు గురించి. బాట్ పద్ధతిగా అడిగింది: ‘సీట్లో కూర్చుంటారా, మీరే నడుపుతారా?’ జవాబు వచ్చింది: ‘రెండూ. పొద్దున డ్యూటీ ఉన్న ఊరికి ప్రయాణికుడిగా వెళ్తాను, సాయంత్రం అక్కడి నుంచి నడుపుతాను.’ ఆ అవకాశం మాకు ఎవరికీ తట్టలేదు. బాట్ దగ్గర కూడా దానికి దారి లేదు, అందుకని వైద్య విభాగానికి పంపేసింది. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న: ‘జలుబుకు ఏం మాత్ర వేసుకున్నారండీ?’